గులాబీ గ్రానైటులో బంగారం

సీమలో ఆ గుట్ట కింద బంగారం పడిందట గదా అని ఇప్పటికీ టీకొట్టు కాడ ఎవడో ఒకడు నన్నడుగుతాడు. అడిగినోడి మీద నాకు ఒళ్లు మండుద్ది. పడలేదురా బాబూ! పడిందనుకున్నాం, అంతే. ఎందుకలాగ అనుకున్నామో తెలిసినోళ్లం నలుగురమే. ఆ నలుగుర్లో తప్పు నాది. మా ల్యాబులో అందరూ డేవిడ్ రాజుని అన్నారు, అంటన్నారు. అందుకే ఇది సెప్తన్నాను.

నా పేరు ఎల్లారావు. శాంపిల్ షెడ్డుకి ఇన్‌ఛార్జిని. డేవిడూ నానూ మల్కాపురంలో ఒకే ఈదిలో పెరిగినాం. ఆళ్లు కిష్టియన్లు, మేం కాదు. అయినా సిన్నప్పట్నుంచీ బావా అంటే బావా అనుకునీవోళ్లం. ఆళ్ల నాన్న పోర్టులో మూటలు మోసీవోడు. డేవిడు మట్టుకి ఆ జోలికెల్లలేదు. పదో తరగతి తప్పీసి, గాజువాక కాడ గ్రానైటు పలకలు కోసే షాపులో సేరినాడు. వంటింటి గట్టుకి రాయి కొయ్యాలంటే జనం ఆడి కోసం కాసుకు కూకునీవోరు. రాయి మీద అరిసెయ్యేసి రెండు తట్లు తట్టి, పగులు ఎటేపు పరిగెడుద్దో సెప్పీసీవోడు. సెప్పినట్టే పరిగెట్టీది.

ఒకనాడు రాయితోపాటు బొటనేలు కూడా కోసుకున్నాడు. ఆస్పత్రికెల్తే కుట్లేసిన నర్సే ఫ్లోరా. కుట్లేత్తంటే ఈడు గుక్కెట్టి ఏడిసినాడంట. పెళ్లయినాక కూడా ఆవిడ నా ముందే ఎక్కిరించీది. "అన్నయ్యా, మీ బావ రాయిని కోత్తాడు గానీ సూదిని సూత్తే ఒణికిపోతాడు" అనీది. ఆడు సిగ్గుపడి నవ్వీవోడు. పిల్లలు కలగలేదు. ఆడికి ఆవిడ, ఆవిడికి ఆడు.

పదేళ్ల కిందట నానే ఆణ్ని మా ల్యాబులోకి తీసుకొచ్చినాను. మాది ఓడలకెక్కే సరుకుని పరీచ్చ సేసే ల్యాబు. ఇనప రాయి, మాంగనీసు, బొగ్గు, ఇవే మా పని. నాలుగేళ్ల కిందట బంగారం పని ఒచ్చినాది. సీమలో ఒక గుట్ట మీద ఒక కంపెనీవోళ్లు భూమిలోకి గొట్టం దింపి, మణికట్టంత లావు రాతి కడ్డీలు తీసి, పెట్టెల్లో సర్ది మాకు పంపీవోరు. ఆ కడ్డీని కోరు అంటాం. కోరుని నీళ్ల రంపం మీద నిలువుగా రెండు సెక్కలు సెయ్యాలి. ఒక సెక్క పెట్టెలోనే ఉండిపోద్ది. ఎడం సేతి కింద పట్టుకున్న రెండోదాన్ని నలగ్గొట్టి, పిండి సేసి, అందులో కొంచెం తీసుకొని సీసంతో కలిపి కొలిమిలో కరిగిత్తాం. సీసం పోగా సివరికి పూస మిగులుద్ది. ఇసక రేణువంత పూస. ఆ పూసని యాసిడ్‌లో కరిగించి మిషన్‌కి పెడితే, ఎంత బంగారముందో మిషన్ సెప్తాది.

టన్ను రాయిలో ఒక గ్రాము తేలితే ఆళ్లకి పండగే. అంత తక్కువ దాన్ని ఎతుకుతున్నప్పుడు మన ఒంటి మీద బంగారం ఉండకూడదు. రాయికి రాసుకుంటే అదే పిండిలోకెల్లిపోద్ది. అందుకని షెడ్డు గుమ్మం కాడ ఒక రేకు డబ్బా పెట్టి, ఉంగరాలూ గొలుసులూ అందులో ఏసి లోపలికెల్లమన్నారు. సేతులు సూసి పంపడం నా డ్యూటీ. పుస్తెలు తియ్యాలంటే షెడ్డు ఊడ్సీ సీతాలు నామీద సీపురు తిరగేసినాది. "నా మొగుడు బతికుండగా ఎవుడ్రా తీయించీది?" అనీసినాది. ఆవిడ్ని బొగ్గు షెడ్డుకి మార్సీసినాం. డేవిడు కూడా పెళ్లుంగరం తియ్యడానికి రెండ్రోజులు గింజుకున్నాడు. ఆఖరికి ఫ్లోరాయే, "డ్యూటీలో నాను తియ్యట్లేదేటి? తీసి జేబులో ఎట్టుకో, ఇంటికొచ్చి ఎట్టుకో" అని సెప్పినాది. అప్పట్నుంచి పొద్దున్న తీసీవోడు, సాయంత్రం ఎట్టుకునీవోడు.

ఆ గుట్ట తాలూకు జియాలజిస్టు సాయిదుర్గ. ఎలమంచిలి పిల్ల. పట్టుమని ముప్పయ్యేళ్లు లేవు గానీ ఒక పట్టు పడితే ఒగ్గదు. బంగారమంటే నల్ల రాళ్లలో ఎతకాలి గానీ గ్రానైటులో ఏటుంటాదని ఆళ్ల కంపెనీలో పెద్దోళ్లందరూ నవ్వినారంట. ఉంటాదని ఈవిడ మూడేళ్లు ఆ గుట్టనే అంటిపెట్టుకున్నాది. నెలకోసారి పెట్టెలతో మా కాడికొచ్చి, రంపం పక్కన స్టూలేసుకొని కూకొని, డేవిడుతో కబుర్లాడీది. మా మేనేజరు శ్రీరామ్మూర్తి గారితో కూడా అంత మాట్లాడీది కాదు.

"గ్రానైటు భూమి లోపల మెల్లగా చల్లారిన రాయి, డేవిడ్ గారూ. దానంతట దాన్లో బంగారం లేనట్టే లెక్క. కానీ భూమి కదిలినప్పుడు అది మెత్తటి రాయిలాగ ఒంగదు, విరిగిపోద్ది. ఆ పగుళ్లలోంచి ఎక్కణ్నుంచో లోతునుంచి వేడి నీళ్లు పైకొస్తాయి. బంగారం ఆ నీళ్లలో కరిగుంటాది. పైకొచ్చాక ఒత్తిడి తగ్గి, తెల్ల రాయి గడ్డకట్టి, బంగారం అక్కడే దిగిపోద్ది" అని సెప్పీది.

"మరి మాకెలాగ తెలుస్తాదమ్మా?"

"పగులు పక్కన రాయి రంగు మారిపోద్ది. గులాబీ రంగు పోయి ఆకుపచ్చగా అవుద్ది. పసుపు మెరుపు గింజలు కనపడతాయి. అది బంగారం కాదు, కానీ బంగారం వచ్చిన తోవ అదే. రాయి మారకుండా బంగారం ఉందంటే నేను నమ్మను."

డేవిడు ఇవన్నీ ఇంటికెల్లి ఫ్లోరాకి పూస గుచ్చినట్టు సెప్పీవోడు. పచ్చ రంగు కనపడితే రంపం ఆపి, నన్ను కేకేసి సూపించీవోడు. పచ్చ రాళ్లు బాగానే ఒచ్చినాయి. బంగారం మట్టుకి మిషన్‌కి ఆనీ ఆనకుండా ఉండీది.

పోయినేడు ఫ్లోరాకి పొట్టలో గడ్డ అన్నారు. ఆర్నెల్లు తిప్పినాడు. పని, ఆస్పత్రి, పని, ఆస్పత్రి. ఆ తిరుగుడులో ఉంగరం జేబులోనే ఉండిపోయీది, ఎట్టుకోడానికి ఒళ్లు తెలిస్తే గదా! ఆఖరి రోజుల్లో ఒక సాయంత్రం నానూ ఆడితో ఎల్లినాను. ఆవిడ ఆడి సెయ్యి పట్టుకొని, ఏలు తడివి సూసుకున్నాది. సొక్కా జేబులోంచి తనే ఉంగరం తీసి, ఎంతో సేపు పట్టి, ఆడి ఏలికి తొడిగినాది.

"ఇంక తియ్యకు రాజూ" అన్నాది.

"తియ్యను" అన్నాడు.

మూడో రోజు పోనాది.

పదో రోజు డేవిడు పనికొచ్చినాడు. గుమ్మం కాడ రేకు డబ్బా ముందు నిలబడ్డాడు. డబ్బాని సూడ్డు, నన్ను సూడ్డు. నాను ఏటి సెయ్యాలి? బావా, కొన్నాళ్లు బొగ్గు షెడ్డులో సెయ్యి అనాలి. ఆ ఒక్క మాట అంటే సరిపోను. కానీ పెట్టెలు పేరుకుపోనాయి, కొయ్యడానికి ఆడిలాంటోడు ఇంకొకడు లేడు, ఇంటికాడ గోడలు సూత్తా కూకుంటే ఏటైపోతాడోనని నా బయం నాకు. కరెంటు బోర్డు కాడ నల్ల టేపు ఉంటే తెచ్చి, ఆడి ఉంగరం మీద మూడు సుట్లు గట్టిగా సుట్టీసినాను.

"సూడు బావా, బంగారం రాయికి తగల్దు. నువ్వూ తియ్యక్కర్లేదు" అన్నాను.

ఆడి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. రూలూ నిలబడ్డాది, ఆవిడికిచ్చిన మాటా నిలబడ్డాదనుకున్నాం. ఎంత తెలివైనోళ్లమో సూడండి! రోజూ పొద్దున్న కొత్త టేపు సుట్టడం నా పని, సెయ్యి సాపడం ఆడి పని. శ్రీరామ్మూర్తి గారికి సెప్పలేదు, సాయిదుర్గకీ సెప్పలేదు.

పెట్టె నలభయ్యొకటి కోసిన రోజు నాకు బాగా గేపకం. బోజనాల కాడ డేవిడు క్యారేజీ మూత తీత్తన్నాడు. సెయ్యి సూసినాను. టేపు తడిసిపోయి, ఊడి, తడి గుడ్డ పేలికలాగ ఏలి కణుపు మీదకి ఎక్కిపోనాది. కింద ఉంగరం బోడిగా ఉన్నాది. ఆడికి తెలీదు. ఆ సల్ల నీళ్లలో ఏళ్లు మొద్దుబారిపోతాయి, పైగా ఆడి మనసు ఆడి కాడ ఉంటే గదా.

"పొద్దున్నుంచీ ఎన్ని ముక్కలు కోసినావు బావా?" అన్నాను.

"ఏడెనిమిది. గులాబీ రాయే బావా, ఒక్క పగులు లేదు. సాయిదుర్గమ్మ సూత్తే ఉసూరుమంటాది."

తడిసినాది, మారుత్తానని మట్టుకి సెప్పి, కొత్త టేపు సుట్టీసినాను. రూలు ప్రకారం ఆ ముక్కలు పక్కనెట్టి, మేనేజరుకి సెప్పి, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇత్తే టేపు సంగతి బయటపడుద్ది, డేవిడు ఉంగరం తియ్యాలి. ఉత్త గులాబీ రాయే గదా, దాంట్లో ఏటుంటాది, ఎవుడు సూత్తాడనుకున్నాను. నా సేత్తో నానే ఆ ముక్కలు మిషన్‌లో ఏసి పిండి సేసినాను.

వారం తిరక్కుండా రిజల్టొచ్చినాది. టన్నుకి గ్రాముంపావు! ఆ గుట్టలో అంత ఎప్పుడూ రాలేదు. శ్రీరామ్మూర్తి గారు స్వీట్లు తెప్పించినారు. సాయిదుర్గ ఫోన్లో కేకలు. డేవిడు సేతిలో లడ్డూ పట్టుకొని, తినకుండా, అలాగ నిలబడిపోనాడు. అప్పుడైనా సెప్పొచ్చు. సెప్పలేదు.

మర్నాడే సాయిదుర్గ ఒచ్చి, పెట్టెలో మిగిలిన సెక్కల్ని భూతద్దంతో సూసినాది. ముఖం ముడిసింది. "పగులు లేదు, పచ్చ లేదు, మెరుపు లేదు. బంగారం ఏ తోవనొచ్చినట్టు?" అన్నాది. ఆళ్ల కంపెనీకి మట్టుకి ఆగే ఓపిక లేదు. మిగిలిన పిండి మొత్తం పట్టుకెల్లి ఇంకో ల్యాబులో పరీచ్చ సేయించినారు. అక్కడా గ్రాముంపావే ఒచ్చినాది. రాదేటి మరి? పిండి అదే గదా! ఇంకా ఆరు బోర్లు దింపుతామన్నారు. ఆవిడొక్కర్తే, "పిండి కాదు, పెట్టెలో ఉన్న రెండో సెక్కని చెయ్యండి" అని పట్టుబట్టి కూకున్నాది.

ఈలోగా ఫ్లోరా పోయి నలభై రోజులైనాది. ఆళ్ల ఇంటి ముందు టెంటేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టినారు. పాటలయినాక డేవిడు సాక్ష్యం సెప్పడానికి లేసినాడు. పదిమందిలో నోరు తెరిసీ మనిసి కాదాడు. ఎడం సెయ్యి ఎత్తి, అందరికీ ఉంగరం సూపించినాడు.

"మా ఆవిడ దీన్ని ఎట్టి, తియ్యొద్దన్నాది. ఈ సేత్తో మూడేళ్లు కోసినాను, రాయే ఒచ్చినాది. ఆవిడెట్టినాక కోత్తే బంగారమొచ్చినాది. దేవుడు నన్ను ఒగ్గీలేదని ఆవిడ కబురంపినట్టు ఉన్నాది నాకు. ఈ నలభై రోజుల్లో నాను సచ్చిపోకుండా ఉన్నానంటే దానిమూలానే" అన్నాడు.

అందరూ స్తోత్రం అన్నారు. కొంతమంది ఏడిసినారు. నాను వెనక కుర్సీలో తల దించుకొని కూకున్నాను. ఎలాగ సెప్తాను? ఎవుడికి నోరొస్తాది? ఇవన్నీ ఇప్పుడు సెప్పుకునే సాకులే అనుకోండి, కాదన్ను.

తరవాతి సోమారం పొద్దున్న సాయిదుర్గ షెడ్డుకొచ్చినాది. కూడా శ్రీరామ్మూర్తి గారు. ఆవిడ సేతిలో రెండు కాయితాలు ఉన్నాయి. రెండో సెక్కలో బంగారం సున్నా. పిండిని పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే బంగారం కనపడ్డాది గానీ, రాతిలో ఉండీ గింజలాగ లేదు, గీసినట్టు, పామినట్టు ఉన్నాదంట. దాన్లో రాగి ఉన్నాదంట.

"రాతి బంగారంలో వెండి ఉంటాది డేవిడ్ గారూ. ఇంత రాగి నగల్లోనే ఉంటాది. షెడ్డులో ఎవరైనా ఉంగరంతో పని చేశారా?" అని మెల్లగా అడిగినాది. గొంతులో కోపం లేదు. మూడేళ్ల కష్టం నీళ్లపాలైన మనిసి, అయినా కోపం లేదు.

డేవిడు దాచలేదు. "నాకున్నాదమ్మా. కానీ రోజూ టేపు సుట్టి ఉంటాది. ఎల్లారావే సుడతాడు. ఒక్కనాడు కూడా రాయికి తగల్లేదు" అని నాకేసి సూసినాడు. సెప్పు బావా అన్నట్టు.

నాను నేలకేసి సూసినాను.

"తీసి చూపించవయ్యా, తేలిపోద్ది" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

"తియ్యకూడదండి."

"డేవిడ్ గారూ, వద్దులెండి..." అని సాయిదుర్గ అంటానే ఉన్నాది. డేవిడే అడ్డొచ్చినాడు. "కాదమ్మా. ఆ బంగారం ఆవిడ పేరన ఒచ్చిందని కూడికలో సెప్పినాను. ఇప్పుడు దాని మీదే అనుమానం పెడితే ఎలాగ? సూసుకోండి. ఒక్కపాలి తీత్తే ఆవిడ ఏటీ అనుకోదులే."

కుళాయి కాడికెల్లి సబ్బు రాసుకున్నాడు. టేపు ఇప్పీసినాడు. కణుపు కాడ పట్టీసినాది, తిప్పి తిప్పి లాగినాడు. నాను నాలుగడుగులు ఏసి ఆడి సెయ్యి పట్టుకొని, ఒద్దు బావా, నాకు తెలుసు, నాను సూసినాను అనొచ్చు. ఆ సబ్బు నురగ సూత్తా నిలబడ్డాను. ఊడొచ్చింది. ఆడు సొక్కాతో తుడిసి, ఆ పిల్ల అరిసేతిలో ఎట్టినాడు.

అరిసేతి ఏపు ఉంగరం ఒక మూల సదునై, అంచు కొంచెం అరిగిపోనాది. కొత్త గీతలు తళతళా మెరుత్తన్నాయి.

ఆడికి అర్దమైపోనాది. రాయి తట్టి పగులు సెప్పీ మనిసికి ఇది సెప్పాలేటి? "ఇందులోంచి పోయిన బంగారం ఎంతుంటాదమ్మా?" అన్నాడు.

"బియ్యపు గింజలో నాలుగో వంతు కూడా ఉండదండి" అన్నాది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

"అంతే అయినా ఆవిడదే గదా. ఆ పూస ఉంటాది గదా బావా? అది ఇప్పించీ" అని నాకేసి తిరిగినాడు.

నానే సెప్పాల్సొచ్చింది. పూసని యాసిడ్‌లో కరిగించీసినాం. మిషన్ సూసీసినాక ఆ నీళ్లు డబ్బాలో పారబోసినోణ్ని నానే. డబ్బా నిండితే బండొచ్చి పట్టుకెల్లిపోనాది. మిగతా పిండి ఆ ఊరి ల్యాబులో, ఈ ఊరి ల్యాబులో అయిపోనాది. ఏటీ లేదు బావా అన్నాను. ఆడు తలూపినాడు.

ఆ గ్రానైటులో బంగారం లేదని సాయిదుర్గ తన సేత్తోనే రాసిచ్చీసినాది. కొత్త బోర్లు ఆపీసినారు. డేవిడుని ఆ పూటే బొగ్గు షెడ్డుకి మార్సినారు. ఉంగరం మీద టేపు సుట్టినోణ్ని నానేనని నాకు మెమో ఇచ్చినారు గానీ, జనం నోట్లో మట్టుకి, కంపెనీ మునిగింది డేవిడుగాడి ఉంగరం మూలానే అని ఉండిపోనాది.

ఆ సోమారం సాయంత్రం ఇద్దరమూ బస్టాపు కాడికి నడిసినాం. ఉంగరం ఆడి సొక్కా జేబులో ఉన్నాది.

"ఎట్టుకో బావా. బొగ్గుకి ఏ రూలూ లేదు. ఇంక ఎవులూ తియ్యమనరు" అన్నాను.

"ఇప్పుడెట్టుకుంటే అది నానెట్టుకున్నట్టు అవుద్ది బావా. ఆవిడెట్టినట్టు అవ్వదు" అన్నాడు.

నాకింక ఆగలేదు. నడి రోడ్డు మీద సెప్పీసినాను. టేపు ఊడిపోడం ఆ రోజే సూసినానని, ముక్కలు నానే పిండి సేసినానని, కూడికలో కూకొని కూడా నోరు మూసుకున్నానని, పొద్దున్న కుళాయి కాడ కూడా తెలిసే నిలబడ్డానని. ఏడుత్తా సెప్పినాను. కొట్టు బావా, సెప్పుచ్చుకు కొట్టు అన్నాను.

డేవిడు నన్ను కొట్టలేదు. ఒట్టి ఏలిని ఇంకో సేత్తో రాసుకున్నాడు. ఏదో లెక్క తేలనట్టు ముఖం పెట్టి అడిగినాడు.

"అంటే... పొద్దున్న నువ్వు సెప్పీసుంటే, నాను తీసుండీవోణ్ని కాదు గదా బావా?"

తీసుండీవోడివి కాదన్నాను. నిజం అదే గదా.

"అదే" అన్నాడు.

అంతే. బస్సొత్తే ఎక్కీసినాడు.